మెయిన్ స్విచ్ ఆపి గడిపిన రెండు రోజులు

మూడేళ్ల కిందట ఒక గాలివానకు మా ఇంటికి మూడు రోజులపాటు కరెంటు రాలేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదని, మోటారు తిరగకపోతే ట్యాంకులోకి నీళ్లెక్కవని తెలియని వాళ్లం కాదు. అయినా రెండో రోజు ఉదయం కొళాయి తిప్పితే ఉత్త గాలి వచ్చేదాకా ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. గాలి మొదలవకముందే బకెట్లన్నీ నింపి పెట్టుకోమని మా అత్తగారు రెండుసార్లు చెప్పారు. మావారూ నేనూ ఫోన్లలో వాతావరణ సమాచారం చూసుకుంటూ ఆ మాట పట్టించుకోలేదు. ప్రాణాపాయమేమీ కలగలేదు గాని, ఇద్దరు పిల్లలు, ఇన్సులిన్ తీసుకునే ఒక పెద్దావిడ ఉన్న ఇంట్లో తాగడానికి ఎన్ని లీటర్ల నీళ్లున్నాయో కూడా చెప్పలేకపోయామన్న సిగ్గు నన్ను చాలాకాలం వదల్లేదు. ఆ తరువాత ఏడాదిన్నరలో ఇంటిని ఎలా సిద్ధం చేసుకున్నామో, అందులో ఎక్కడెక్కడ తప్పులు చేశామో రాస్తున్నాను.

మొదటి తప్పు సరుకుల దగ్గరే చేశాం. ఒకే రోజున మూడు నెలలకు సరిపడా ధాన్యం, పప్పులు, పిండి, నూనె తెచ్చి మంచాల కింద పేర్చి, ఇక పని అయిపోయిందనుకున్నాం. అయిదు నెలల తరువాత తెరిచి చూస్తే ధాన్యం నిండా ముక్కపురుగులు, పిండి ముక్కిపోయి ఉంది, నూనె కనరు వాసన వేస్తోంది. వాటిలో సగం మేము రోజూ తినేవి కూడా కావు. ఎక్కువ కాలం చెడవని విని కొన్నవి. పప్పు మాత్రం చెడలేదు గాని, పాతబడిన కొద్దీ అది ఉడకడానికి పట్టే సమయం పెరుగుతుందని, కరెంటూ గ్యాసూ పొదుపు చేయవలసిన రోజుల్లో అదొక ఖర్చేనని అప్పుడే తెలిసింది.

ఆ దెబ్బతో పద్ధతి మార్చాం. ప్రత్యేకంగా ఆపద కోసమని ఏదీ కొనకుండా, రోజూ వండుకునేదాన్నే ఒక నెలకు అదనంగా ఉంచడం మొదలుపెట్టాం. ప్రతి డబ్బా మీదా తెచ్చిన తేదీ రాసి, కొత్తదాన్ని వెనుక పెట్టి పాతదాన్ని ముందు వాడుతున్నాం. ఎంత కావాలన్నది తూకం వేసి తేల్చుకున్నాం. మనిషికి రోజుకు 400 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పు, 30 గ్రాముల నూనె అనుకుంటే సుమారు 1900 కిలో క్యాలరీలు వస్తాయి. అయిదుగురికి 30 రోజులకు 60 కిలోల ధాన్యం, 9 కిలోల పప్పు, నాలుగున్నర కిలోల నూనె అవుతాయి. పిల్లలు అంత తినరు కాబట్టి కొంత వెసులుబాటు కూడా ఉంటుంది. పురుగు గుడ్లు చాలాసార్లు ధాన్యంతోపాటే ఇంట్లోకి వస్తాయి. అందుకని కొత్త ధాన్యాన్ని కొంచెం కొంచెంగా మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులుంచి, మళ్లీ గది వేడికి వచ్చేవరకు సంచి విప్పకుండా ఆగి, ఆ తరువాతే పొడి డబ్బాల్లో గాలి చొరకుండా మూస్తున్నాను. తొందరపడి చల్లగా ఉండగానే విప్పితే గాలిలోని తేమ గింజ మీద చేరి, పురుగు పోయి బూజు వస్తుంది.

నీళ్ల విషయంలో లెక్క సులువుగానే తేలింది. తాగడానికి, వంటకు, కనీస శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున అయిదుగురికి వారానికి 140 లీటర్లు. ఆహారపదార్థాలకు పనికొచ్చే ప్లాస్టిక్‌తో చేసిన 100 లీటర్ల డ్రమ్ము ఒకటి, 20 లీటర్ల క్యాన్లు రెండు కొని, బాగా కడిగి, క్లోరిన్ కలిపి సరఫరా చేసే కొళాయి నీటితోనే నింపి, వెలుతురు తగలని చోట పెట్టాం. ఆరు నెలలకోసారి ఆ నీళ్లు మొక్కలకు పోసి కొత్తవి పడుతున్నాం. శుద్ధి గురించి ఇంట్లో నాలుగు రకాల నమ్మకాలుండేవి, వాటిని సరిచూసుకోవడానికి కొంత చదవవలసి వచ్చింది. నీరు తెర్లి బుడగలు పైకి వస్తుండగా ఒక నిమిషం మరిగిస్తే చాలు, 2000 మీటర్ల కంటె ఎత్తున ఉన్నచోట మూడు నిమిషాలు మరిగించాలి. మా ఇంట్లో పావుగంట మరిగించి గ్యాసు వృథా చేసేవాళ్లం. మరిగించే వీలు లేకపోతే సువాసన గాని, సబ్బు గాని కలపని 5 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని, అంటే మామూలు బ్లీచ్ ద్రవాన్ని, లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగాలి. నీరు మడ్డిగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టి, చుక్కలు రెట్టింపు చేయాలి. ఆ సీసా కూడా నెలలు గడిచే కొద్దీ సత్తువ కోల్పోతుంది కాబట్టి దాని మీద కూడా తేదీ ఉండాలి. ఈ రెండు పద్ధతులూ క్రిములను చంపుతాయే గాని, నీటిలో కరిగిన ఉప్పునో పురుగుమందునో తొలగించవు.

వాన నీటి సంగతి నాకు అన్నిటికంటె నచ్చింది. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. మా 60 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన 1200 లీటర్లవుతుంది. ఆవిరయ్యేది, చిందిపోయేది పోను 900 లీటర్లకు పైగానే దక్కుతుంది. దుమ్మూ పిట్టల రెట్టా కడుక్కొచ్చే మొదటి నీటిని బయటికి వదిలేసి, తక్కినది 200 లీటర్ల పీపాలోకి మళ్లించాం. అది తాగడానికి కాదు, మొక్కలకూ మరుగుదొడ్డికీ.

కరెంటుకు ఇన్వర్టర్ ముందే ఉంది గాని, అది ఎంతసేపు నిలుస్తుందో మేమెప్పుడూ లెక్క వేయలేదు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లుంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు తరిగిపోతుంది. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చడంలో పోయేది కూడా తీసేస్తే చేతికొచ్చేది 750 వాట్ అవర్ల ప్రాంతం. ఒక ఫ్యానుకు 60, మూడు ఎల్‌ఈడీ దీపాలకు 27, రౌటర్‌కు 10 వాట్లు వేసుకుంటే ఏడెనిమిది గంటలు వస్తుంది. జనరేటర్ కొనాలా వద్దా అని నెల రోజులు తర్జనభర్జన పడి మానుకున్నాం. దాన్ని ఇంటి లోపల గాని, వరండాలో గాని నడపకూడదు. తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో ఆరుబయట ఉంచాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలోనే మనుషులను తీసుకుపోతుంది. మాకు అంత ఖాళీ స్థలం లేదు. బొగ్గుల కుంపటిని కూడా ఆ కారణంతోనే గదిలోకి రానివ్వకూడదని పిల్లలకు చెప్పాం.

పెరటి తోట మీద నేను పెట్టుకున్న ఆశలు మొదటి ఏడాదిలోనే దిగివచ్చాయి. 100 గ్రాముల ఆకుకూరలో 20 నుంచి 40 కిలో క్యాలరీలుంటే, అంతే ధాన్యంలో 350 దాకా ఉంటాయి. నాలుగు మళ్లతో ఇల్లు గడవదు. అయినా నాలుగు వారాల్లో కోతకొచ్చే ఆకుకూరలు, కొట్లు మూసి ఉన్న రోజుల్లో కంచంలోకి పచ్చదనాన్ని తెచ్చేవి అవే కాబట్టి, వాటిని మానలేదు. నాలుగు కోళ్లను కూడా పెంచుతున్నాం. ఒక్కో కోడి రోజుకు 110 గ్రాముల దాణా తింటుంది, నాలుగింటికి నెలకు 13 కిలోలు. ఆపదలో గుడ్లు అందుతాయని కోళ్లను పెంచి, వాటి దాణాను నిల్వలెక్కలో చేర్చకుండా ఆరు నెలలు గడిపినదాన్ని నేనే.

బీన్స్ బాగా కాసిన ఒక సీజనులో వాటిని ఉప్పునీటితో సీసాల్లో పెట్టి, మరిగే నీళ్లలో ఉంచి మూతలు బిగించబోయాను. ఆ పని చేయకపోవడం మా అదృష్టం. పులుపు లేని కూరగాయల్లో బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను కలిగించే క్రిమి బీజాలు మరిగే నీటి వేడికి చావవు. ఆవిరి ఒత్తిడితో సీసాలను వేడిచేసే ప్రెషర్ క్యానర్‌లో 116 డిగ్రీలు దాటిన వేడి కావాలి, లేదా పుల్లని ద్రావణంలో ఊరవేసి పీహెచ్ (పులుపు పెరిగే కొద్దీ తగ్గే కొలత) 4.6 కంటె తగ్గేలా చూడాలి. నా దగ్గర ఆ పరికరం లేదు కనుక, బీన్స్ ఎండబెట్టాను.

ఇవన్నీ సమకూరాక, ఒక శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు మెయిన్ స్విచ్ ఆపి, ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే వాల్వు కట్టేసి, ఆదివారం సాయంత్రం దాకా అలాగే ఉండాలని నిర్ణయించాం. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వెంటనే మానేయాలన్నది ఒక్కటే షరతు. ఇంటిల్లిపాదిలో మా అత్తగారే ఉత్సాహంగా ఒప్పుకున్నారు.

మొదటి గంటలోనే మూడు లోపాలు బయటపడ్డాయి. టార్చి తెరిస్తే లోపల బ్యాటరీలు కారి, స్ప్రింగుల మీద తెల్లని పొర పేరుకుంది. అప్పటి నుంచి బ్యాటరీలను విడిగా ఉంచుతున్నాం. గ్యాసు పొయ్యి లైటర్ పాడైపోయింది, అగ్గిపెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అన్నిటికంటె అవమానకరమైనది నీళ్ల డ్రమ్ము. కొళాయి దాని అడుగున ఉంది, డ్రమ్ము నేల మీద ఉంది. కింద గిన్నె పట్టదు. నిండిన డ్రమ్మును ఎత్తుదామంటే 100 కిలోలు. క్యానును వంచి సీసాలో పోద్దామంటే 20 కిలోల బరువును నేను ఆపలేను, అత్తగారి వల్ల అసలే కాదు. గరాటు కోసం వెతికితే అది పెరట్లో కోళ్ల దాణా డబ్బాలో దొరికింది. చీకట్లో అరగంట ఆ గరాటు కడగడానికీ, వెతకడానికీ పోయింది.

శనివారం మరుగుదొడ్డి లెక్క తేలింది. ఒక్కసారి నీళ్లు వదిలితే 6 లీటర్లు. అయిదుగురూ నాలుగేసిసార్లు వెళితే 120 లీటర్లు. తాగే నీటికి వారం లెక్క వేసుకున్నవాళ్లం, దీన్ని లెక్కే వేసుకోలేదు. పీపాలో వాన నీళ్లు ఉండబట్టి సరిపోయింది గాని, వేసవిలో అయితే మధ్యాహ్నానికే ఆట ముగిసేది. అప్పటికప్పుడు గిన్నెలు కడిగిన నీళ్లను ఒక బకెట్‌లో పట్టి, ఫ్లష్ నొక్కకుండా మూడు నాలుగు లీటర్లు ఒక్క ఊపున కుమ్మరించడం నేర్చుకున్నాం.

ఫ్రిజ్ తలుపు మూసి ఉంచితే లోపలి చల్లదనం నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో రెండు రోజులు, సగమే నిండితే ఒక రోజు నిలుస్తుంది. మా చిన్నవాడు అలవాటుకొద్దీ గంటకోసారి తెరిచి, లోపల లైటు వెలగక మూసేశాడు. ఇన్సులిన్ కోసం ఐస్ పెట్టె సిద్ధం చేసింది నేనే. తొందరలో సీసాలను నేరుగా గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌కు ఆనించి పెట్టాను. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని, ఒకసారి గడ్డకడితే మళ్లీ కరిగినా వాడకూడదని డాక్టరుగారు చెప్పిన మాట అత్తగారే గుర్తుచేశారు. మధ్యలో మడత పెట్టిన తువ్వాలు వేసి, చిన్న థర్మామీటరు ఉంచాం. వాడుకలో ఉన్న సీసాను చల్లని నీడలో ఉంచితే చాలన్నారు. ఆవిడ దాన్ని తన గదిలోనే పెట్టుకున్నారు.

ఫోన్లు ఆపేశాక మరొకటి తెలిసింది: మా ఇద్దరి నంబర్లలో ఒకటి కూడా పిల్లలకు నోటికి రాదు. ఆ రాత్రి దీపం దగ్గర కూర్చుని వాళ్లు పది నంబర్లు కాగితం మీద రాసి, తలుపు వెనుక అంటించారు. విరేచనాలకు వాడే ద్రావణం కొలతలు కూడా ఆ కాగితం మీదే రాశాను: లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలన్నీ తలకొట్టి కొలిచినవి.

ఆదివారం సాయంత్రం స్విచ్ వేయగానే పిల్లలు కేకలు పెట్టారు. నేను వాల్వు తిప్పి, డ్రమ్ము ఖాళీ చేసి, మావారు పేర్చిన ఇటుకల దిమ్మె మీదికి ఎక్కించి, మళ్లీ నింపడం మొదలుపెట్టాను. కింద బకెట్ పడుతోంది. అత్తగారు ఎక్కడి నుంచో ఒక దారం తెచ్చి, కడిగిన గరాటును క్యాను మెడకు కట్టేశారు. కోళ్ల కోసం మరొకటి కొనమని చెప్పారు.