మా ఆయన వద్దన్న ఆపరేషన్

మా ఆయన ఒప్పుకున్నాకే నేను బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నానని మా చుట్టాలందరూ అనుకుంటున్నారు. నిజానికి ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు. కాగితం మీద సంతకం పెట్టారు, ఆసుపత్రిలో పక్కనే ఉన్నారు, ఇంటికొచ్చాక మందులు టైముకి అందించారు. కానీ "మంచి పని చేశావు" అన్న మాట మాత్రం ఆయన నోట ఇంతవరకూ రాలేదు. ఆపరేషన్ అయి ఇంకా ఏడాది కాలేదు కదా, చూద్దాం.

మాది ఒరిస్సాలోని పర్లాకిమిడి. నేను స్కూల్లో టీచర్ని, ఆయనకి బజారులో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, అప్పటి బరువు 112 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువెంత ఉందో చూసే లెక్క, కడితే 45 వచ్చింది. సుగర్ మాత్రలు రెండు పూటలా పడుతున్నా మూడు నెలల సుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ తొమ్మిదికి దగ్గర్లోనే ఉండేది. మోకాళ్ళ సంగతి సరేసరి, స్కూల్లో మేడ మీద క్లాసు వేస్తే హెడ్‌మాస్టర్ని బతిమాలుకునేదాన్ని. ఇక గురక. దాని గురించి నాకంటే మా ఆయనకే బాగా తెలుసు, మధ్యలో ఊపిరి ఆగినట్టయితే తట్టి లేపేది ఆయనే. అలాంటి మనిషే ఆపరేషన్ మాట ఎత్తగానే "నీకేటైనా పిచ్చా?" అన్నారు.

మొదట నవ్వేశారు. "మా అమ్మా లావే, డెబ్భై దాటి బతకలేదా?" అన్నారు. తర్వాత డబ్బు మాట తెచ్చారు. ఆ తర్వాత మా అత్తగారి చెల్లెలు దిగింది. "కడుపు కోయించుకున్న ఆడది మళ్ళీ మనిషవుతుందా తల్లీ" అని ఫోన్లో ఏడుపు. వీటన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. జవాబు లేనిది ఒక్కటే. ఆయన చిన్నాన్న ఏదో ఆపరేషన్‌కని విశాఖ వెళ్ళి అంబులెన్సులో శవమై తిరిగొచ్చారు. అది వేరే జబ్బు, వేరే ఆపరేషన్, చాలా ఏళ్ళ కిందటి మాట. అయినా ఆ అంబులెన్సుని వీధి చివర ఎదురెళ్ళి తెచ్చింది మా ఆయనే. ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం పిత్తాశయం తీసేసే ఆపరేషన్‌లో ఉన్నంతే అని డాక్టర్లు చెప్పేది నేను చదివి వినిపిస్తే, "ఆ లెక్కలు చిన్నాన్నకి చెప్పు" అనేవారు. అక్కడితో ఆ రాత్రికి మాటలు బంద్.

డబ్బు గొడవ మటుకు తేలిగ్గానే తీరింది. మా ఇన్సూరెన్సు ఏజెంటు "లావు తగ్గే వాటికి రాదమ్మా" అని తేల్చేశాడు. నేను పాలసీ పుస్తకం తీసి చదివాను. మినహాయింపుల్లో ఆ మాట ఉన్నమాట నిజమే, కానీ దాని కిందే షరతులున్నాయి. పద్ధెనిమిదేళ్ళు దాటి ఉండాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. 35 ఉన్నా, అదుపులో లేని టైప్-2 సుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), గుండె జబ్బో తోడైతే చాలు. పైగా బరువు తగ్గడానికి వేరే పద్ధతులు వాడి ఫలితం లేకపోయి ఉండాలి. ఆ పేజీని కొట్టులో ఆయన గల్లాపెట్టె మీద పెట్టి వచ్చాను. వెయిటింగ్ పీరియడ్ దాటిన పాలసీ కాబట్టి చివరికి ముందస్తు అనుమతి వచ్చింది. పాత డైట్ చీటీలు, సుగర్ రిపోర్టులు ఏ ఒక్కటీ పారేయకుండా దాచుకోండి. అవన్నీ అడిగారు.

డబ్బు కారణం పోయేసరికి ఇంజెక్షన్ కారణం వచ్చింది. 2025 మార్చిలో మౌంజారో అనే బరువు తగ్గించే ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చింది కదా, కొట్టుకొచ్చిన ఎవరో మెడికల్ రిప్రజెంటేటివ్ చెప్పాడట. "సూదితో పోయేదానికి కత్తెందుకే?" అన్నారు. ఇది మంచి ప్రశ్నే. నాకూ ఆశ పుట్టింది. సర్జన్ని అడుగుదాం, మీరే అడగండి అని ఆయన్నే బయల్దేరదీశాను. ఇంట్లో వాదించడం మానేసి, ఆయన అనుమానాలన్నీ ఆయన చేతే కొట్టు రసీదు పుస్తకం వెనక రాయించాను.

గుణుపురం–విశాఖ పాసింజరెక్కాం. దారి పొడవునా ఒక్క మాట లేదు. టెక్కలి దాటాక పల్లీలు కొని నా ఒళ్ళో పడేశారు. అదీ ఆయన మాట.

సర్జన్ ఓపిగ్గా విన్నాడు. ఇంజెక్షన్ మంచిదే, కానీ మానేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది, ఏళ్ళ తరబడి వాడటానికి మీరు సిద్ధమేనా అని అడిగాడు. కాగితం మీద కడుపు బొమ్మ గీసి, స్లీవ్ అంటే ఏమిటో చెప్పాడు. పొట్టకి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కడుపులో ముప్పాతిక వంతుకి పైనే కత్తిరించి తీసేస్తారు, మిగిలేది అరటికాయలా సన్నగా ఉంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే. కుట్ల దగ్గర లీకవడం, రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు తక్కువే అయినా ఉన్నాయని దాచకుండా చెప్పాడు. మా ఆయన రసీదు పుస్తకం చూసి ఒక్కొక్కటే అడుగుతున్నారు. అన్నీ అయ్యాక పుస్తకం మూసేసి, అందులో రాయనిది ఒకటి అడిగారు.

"సార్, మరి మా ఆవిడ పఖాళ తినొచ్చా?"

ఒరిస్సాలో కాపరం ఉన్నవాళ్ళకి ఇది నవ్వులాట కాదు. ఎండాకాలం రాత్రి కొట్టు మూసేసి ఆయన ఇంటికొచ్చాక, నీళ్ళలో నానిన అన్నం, పెరుగు, వేయించిన వడియాలు, పచ్చిమిరపకాయ పెట్టుకుని ఇద్దరం అరుగు మీద కూర్చుంటాం. మేము మనసు విప్పి మాట్లాడుకునేది ఆ ఒక్క గంటే. పిల్లల చదువులు, అప్పులు, ఆయన అన్నదమ్ముల గొడవలు, అన్నీ ఆ గిన్నె చుట్టూనే తెమిలాయి. ఆ ఒక్క ప్రశ్నతో నాకు చాలా అర్థమైంది. చిన్నాన్న భయం నిజమే, కానీ దాని కింద ఇంకో భయం ఉంది.

డాక్టరు కూడా నవ్వలేదు. కొన్ని నెలలు పోయాక తినొచ్చు, కానీ ముందు ప్రోటీను, తర్వాతే అన్నం, అదీ నాలుగు ముద్దలు. తిండితో పాటు నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి, కాబట్టి నీళ్ళు వంచేసి తినాలి అన్నాడు. "నీళ్ళు వంచేస్తే అది పఖాళ ఎలా అవుతుంది?" అన్నారు మా ఆయన. దానికి డాక్టరు దగ్గర జవాబు లేదు.

సంతకం గురించి ఒక మాట. మొగుడు వద్దంటే ఆపరేషన్ చేయరేమో అని నన్ను చాలామంది అడిగారు. తెలివితో ఉన్న మేజరైన మనిషికి తన సమ్మతే ముఖ్యం. ఇంకొకరి సమ్మతి దాని బదులు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది కూడా. ఆసుపత్రివాళ్ళు తోడుగా ఒకరు ఉండాలంటారు, అది మొగుడే కానక్కర్లేదు. మా తమ్ముడిని సెలవు పెట్టి సిద్ధంగా ఉండమన్నాను, ఆ సంగతి ఆయనకి దాచలేదు కూడా. "మీరొస్తే మీరు, లేకపోతే వాడు. నేను మాత్రం వెళ్తాను" అన్నాను. బెదిరింపుగా కాదు, తేదీ చెప్పినట్టు చెప్పాను. ఆయనే వచ్చారు. ఇంకోటి, భయపడే మొగుడు వేరు, చెయ్యెత్తే మొగుడు వేరు. ఇల్లు దాటనివ్వననీ, జీతం లాక్కుంటాననీ అనేవాడికి పఖాళ కబుర్లు పనిచేయవు. అలాంటప్పుడు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు పలచటి తిండి, కాలేయం మీద కొవ్వు తగ్గితే లోపల పని సులువవుతుందట. ఎండోస్కోపీ, గుండె స్కాను, నిద్ర పరీక్ష, సైకాలజిస్టుతో మాట. ఆపరేషన్ రోజు సాయంత్రమే లేపి నడిపించారు. నొప్పి ఉంది కానీ నేను భయపడినంత లేదు.

ఇంటికి పంపేటప్పుడు నర్సు జ్వరం, కడుపు నొప్పి, నాడి వేగం గమనించమంది. నాడి 120 దాటి అలాగే ఉంటే వెంటనే ఫోన్ చేయమంది. అంతే, ఆయనకి పని దొరికింది. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు బీరువాలోంచి తీసి, బ్యాటరీలు మార్చి, తెల్లారీ రాత్రీ నా వేలికి తగిలించి అంకెలన్నీ కొట్టు అరువు ఖాతా పుస్తకంలో ఎక్కించారు. ఒక పేజీలో ఎవరో ఫ్యాను బాకీ, దాని కిందే నా నాడి 88. లీకు భయం ఉండే రోజులు దాటిపోయాక కూడా చాలాకాలం మానలేదు.

మొదట నీళ్ళలాంటివే, తర్వాత మెత్తగా రుబ్బినవి, తర్వాత మెత్తటి తిండి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీను అన్నారు. గుడ్లు, పెరుగు, చేపలు, పౌడరుతో ఎలాగో లాక్కొస్తున్నాను. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్-డి జీవితాంతం. మూడో నెల దాటాక జుట్టు గుప్పెళ్ళతో రాలింది. ఇది చాలామందికి జరిగేదే, తాత్కాలికమే అని డాక్టరు ముందే చెప్పినా, దువ్వెన చూసి "నే చెప్పానా?" అన్నారు మా ఆయన. ఆ రోజు మటుకు బాగా కోపం వచ్చింది.

ఇప్పుడు 84 కిలోలు. సుగర్ మాత్ర ఒక్కటే, గురక దాదాపు లేదు. రాత్రి అరుగు మీద ఇద్దరం కూర్చుంటూనే ఉన్నాం. ఆయనకి పఖాళ, నాకు చిన్న గిన్నెలో పెరుగు, చేప ముక్క. నావి ముందే అయిపోతాయి, తర్వాత ఉత్త చేతులతో కూర్చోవడం మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండేది. మాటలకేం లోటు రాలేదు. కాకపోతే నేను మిగిల్చిన ముక్క కూడా ఆయనే తినేస్తూ పొట్ట పెంచుతున్నారు. ఆ గొడవ ఇంకా తెమల్లేదు.

మొన్న పాతపట్నంలో పెళ్ళికెళ్తే, ఇంతలా చిక్కావేంటి, ఏ జబ్బు అని అందరూ అడిగారు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన "రోజూ వాకింగ్" అనేశారు. నేను పక్కనుంచి "ఆపరేషన్ చేయించుకున్నాను, ఈయనే దగ్గరుండి చూసుకున్నారు" అన్నాను. ఆయన కోపంగా చూసి ఫలహారాల వైపు వెళ్ళిపోయారు. అడిగినావిడ నా పక్క కుర్చీలోకి జరిగి, డాక్టరు ఫోన్ నంబరు ఇమ్మంది.