అడుగు దూరానికి 1,200 మీటర్ల రేంజ్

మొదటిసారి హెల్మెట్ ఇంటర్‌కామ్, అంటే బండి మీద వెళ్తూ మాట్లాడుకోడానికి, పాటలు వినడానికి హెల్మెట్‌లో బిగించుకునే మైకూ స్పీకర్ల సెట్టు, కొన్నప్పుడు డబ్బా మీద 1,200 మీటర్ల రేంజ్ అని చదివి పొంగిపోయాను. నేను మాట్లాడాల్సిన మనిషి నా వెనక సీట్లో అడుగు దూరంలో కూర్చుంటుందన్న సంగతి డబ్బు కట్టాక గుర్తొచ్చింది.

అంతకుముందు మా ఆవిడకీ నాకూ వేరే భాష ఉండేది. భుజం మీద ఒకసారి తడితే నెమ్మదిగా పొమ్మని, రెండుసార్లు తడితే టీకి ఆపమని. గిచ్చిందంటే నేనేదో తప్పు చేసినట్టు.

ఆ సెట్‌లో బండి 60 దాటితే పాట నీళ్లలోంచి వస్తున్నట్టుండేది. స్పీకర్లని తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. హెల్మెట్‌లో చెవి కోసం ఇచ్చిన గుంట మధ్యలో అంటించేశాను, నా చెవి రంధ్రమేమో దానికి వేలెడు కిందుంది. హెల్మెట్ పెట్టుకుని, లోపలికి వేలు దూర్చి, చెవి ఎక్కడుందో తడిమి చూసుకుని వెల్‌క్రో జరిపాను. వెనకాల చిన్న స్పాంజి ముక్క పెట్టాను. అదే స్పీకర్, అదే పాట, ఈసారి వాల్యూమ్ తగ్గించాల్సి వచ్చింది. మరీ దగ్గరికి తెస్తే చెవి నలిగి గంటలో మంట పుడుతుంది, అదీ చూసుకోవాలి. స్పీకర్ పట్టకపోతే లోపలి థర్మోకోల్ కాస్త చెక్కేయమని షాపులో ఒకాయన సలహా ఇచ్చాడు. పడ్డప్పుడు తలని కాచేది ఆ థర్మోకోలే కదా! దండం పెట్టి వచ్చేశాను.

మైకు గొడవ వేరే. ఆవిడది ముఖం తెరిచి ఉండే హెల్మెట్. ఆమె మాట కంటే ముందు గాలి వినపడేది. ఫుల్ ఫేస్‌కి మారి, మైకు గడ్డం దగ్గర లోపలికి పెట్టాక ఆ హోరు తగ్గింది.

రెండోసారి కొన్నప్పుడు రేంజ్ వైపు చూడలేదు. రెండూ ఒకే కంపెనీవి తీసుకున్నాను. మాట మొదలైతే పాట ఆగిపోకుండా గొంతు తగ్గించుకుని నడిచే రకం. గ్లవ్స్‌తో తడిమినా దొరికే పెద్ద బటన్, వానకి ఐపీ67, అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోవని చెప్పే రేటింగ్. మెష్ అన్నది, అంటే చాలా హెల్మెట్లు ఒకేసారి ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి, నాలుగైదు బండ్లు కలిసి వెళ్లేవాళ్లకి బాగుంటుంది, మాకు బ్లూటూత్ చాలు.

మొన్న శ్రీశైలం వెళ్లాం. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి నల్లమలలోకి వెళ్లాక ఫోన్ సిగ్నల్ పోయింది, ఆన్‌లైన్ పాటలూ ఆగిపోయాయి. ఇంటర్‌కామ్‌కి ఆ బెడద లేదు, రెండు హెల్మెట్లూ నేరుగా కలుస్తాయి. "ముందు కోతులున్నాయి, చూసుకోండి" అని ఆవిడ చెప్తూనే ఉంది.

ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ఎలాగూ పాటలు పెట్టను, లారీ హారన్ వినపడాలి. ఆ నిశ్శబ్దంలో నాకే హుషారొచ్చి ఒక పాత పాట అందుకున్నాను. రెండు మలుపులు ఓపిక పట్టి ఆవిడ అంది:

"ఏవండీ, మైకు ఆన్‌లోనే ఉంది."