అప్పుకు 50 నెలలు, ఆదాయానికి 50 ఏళ్లు

బీఏ దాకా నాది తెలుగు మీడియం. ఉస్మానియాలో ఎంఏ ఎకనామిక్స్‌లో చేరాక, ఆర్థిక వృద్ధి సిద్ధాంతాలు చెప్పే సార్‌ను ఏం చదవమంటారని అడిగితే చిన్న చీటీ రాసిచ్చారు. ఐదు పేపర్లు, అంతే. జిల్లా డిగ్రీ కాలేజీలో తెలుగులో పాఠాలు చెబుతూ మొదలైన మనిషి కాబట్టి, నా అవస్థ ఆయనకు విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

పేరు గొప్పదని ముందు అమెరికన్ ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1956 వ్యాసం పట్టుకున్నాను. ముప్ఫై పేజీలు. సమీకరణాలు మొదలైన చోటే వారం గడిచింది. సార్ నవ్వి, "చీటీలోనే ఉన్న రాబర్ట్ లూకస్ 1988 వ్యాసం తొలి పేజీలు చదివి రా, లెక్కలొచ్చిన చోట ఆపెయ్" అన్నారు.

ఆ పేజీల్లో ఉన్నది ఇదీ: 1960 నుంచి 1980 దాకా తలసరి ఆదాయం మన దగ్గర ఏడాదికి 1.4 శాతం పెరిగితే దక్షిణ కొరియాలో 7 శాతం పెరిగిందట. 70ని ఆ అంకెతో భాగిస్తే రెట్టింపవడానికి ఎన్నేళ్లో తెలుస్తుంది. వాళ్లకు 10, మనకు 50. మా నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, బారువడ్డీ లెక్కనే, 50 నెలల్లో రెట్టింపయ్యేది. నల్లకుంట రూములో ఆ రెండు 50లూ పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను. 'వృద్ధికి, అభివృద్ధికి తేడా రాయుము' అని బట్టీ పట్టిన రోజుల్లో ఎవరూ ఈ లెక్క వేయించలేదు.

మళ్లీ సోలో దగ్గరికి వెళితే ఈసారి లొంగాడు. ఒక్క దర్జీకి మూడు మిషన్లు కొనిచ్చినా మూడింతల చొక్కాలు రావు. ఇంటర్‌లో చదివిన క్షీణ ప్రతిఫలాలే! అందుకే పెట్టుబడి ఒక్కటే పెంచుతూ పోతే వృద్ధి నిలవదు. ఆయనదే 1957 వ్యాసం ఇంకా ఆశ్చర్యం. 1909-49 మధ్య అమెరికాలో గంట శ్రమకు ఉత్పత్తి రెట్టింపైతే, అందులో యంత్రాలూ పెట్టుబడీ పెరగడం వల్ల వచ్చింది ఎనిమిదో వంతే. తక్కినదంతా సాంకేతిక మార్పు ఖాతాలోకే.

అది ఎక్కడి నుంచి పుడుతుందనేదే పాల్ రోమర్ 1990 వ్యాసం. కొత్త ఆలోచనల నుంచే అంటాడు. జిరాక్స్ కాపీ మిత్రుడికిస్తే నా చేతిలో కాగితాలుండవు. అందులోని ఆలోచన మాత్రం ఇద్దరి దగ్గరా ఉంటుంది. ఈ ఒక్క ముక్కా పట్టుబడ్డాక మిగతాది నెమ్మదిగా నడిచింది.

ఐదోది అగియాన్, హోవిట్‌ల 1992 వ్యాసం. 2025 అక్టోబరులో ఆర్థిక చరిత్రకారుడు మోకిర్‌తో పాటు వాళ్లిద్దరికీ ఎకనామిక్స్ నోబెల్ ప్రకటించగానే, రిటైరైన సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, మీ చీటీలో చివరివాళ్లకు నోబెల్ వచ్చింది."

"అది సరే. చదివావా?"

"సగం, సార్."