పూణే వాన, మా కొళాయి, దీపావళి సెలవులు

పూణేలో ఉండే మా అక్క మొగుడు, బావ, రాత్రి వాట్సాప్‌లో ప్లాన్ పంపించినాడు, నేను పొద్దున లేచి చూసుకున్నా. దీపావళి సెలవుల్లో ఆంధ్రా మొత్తం ఒక చుట్టు. పూణేలో రైలెక్కి రేణిగుంటలో దిగడం, రెండ్రోజులు తిరుపతిలో మా ఇంట్లో, తర్వాత కారు మాట్లాడుకుని నెల్లూరు, బాపట్ల బీచ్, విజయవాడ, పాపికొండలు, వైజాగ్, అరకు, వచ్చేటప్పుడు శ్రీశైలం, బెలుం గుహలు, గండికోట, మళ్ళీ తిరుపతి. ఒక్కో ఊరి పక్కన కిలోమీటర్లు కూడా రాసినాడు, ఎంత ఆశగా కూర్చొని వేసుకున్నాడో చూస్తేనే తెలుస్తా ఉంది. వాళ్ళ పిల్లోళ్ళు పుట్టి పెరిగింది అంతా పూణేలోనే, సొంత రాష్ట్రం అంటే వాళ్ళకి తిరుమల కొండ, పాకాల పక్కన తాత చేను, అంతే. అది మార్చాలని బావ పట్టుదల. నాకు భలే సంతోషమయింది. తీరా తేదీలు చూస్తే గుండె గుభేలుమనింది.

ఈసారి దీపావళి నవంబరు 8న. మహారాష్ట్రలో దసరాకి పెద్దగా సెలవులుండవు, దీపావళికే స్కూళ్ళు రోజుల తరబడి మూస్తారు, వాళ్ళకి వీలయ్యేది అప్పుడే. మాకేమో అసలు వానలు అప్పుడే. పూణేలో జూన్‌లో మొదలైన వాన సెప్టెంబరు చివరికో అక్టోబరు మొదట్లోకో సర్దుకుంటుంది, నవంబరంటే వాళ్ళకి నీలాకాశం, పొద్దున పూట కొంచెం చలి, ఊళ్ళు తిరగడానికి అంతకన్నా మంచి నెల లేదు. ఇక్కడ కథ వేరే. నైరుతి గాలి పడమటి కనుమల మీద కుమ్మరించేసి మా దాకా వచ్చేసరికి చాలావరకు ఖాళీ అయిపోయి ఉంటుంది, అక్టోబరులో గాలి తిరిగి బంగాళాఖాతం మీద నించి ఈశాన్యంగా వస్తేనే నెల్లూరుకి, మాకు చెరువులు నిండేది. నెల్లూరుకైతే ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నించి డిసెంబరు దాకా మూడు నెలల్లోనే పడుతుంది. దానికి తోడు తూర్పు నించి వచ్చే మబ్బుకి మా శేషాచలం కొండలు అడ్డం నిలబడతాయి, అందుకే తిరుపతిలో కుండపోతగా కొట్టే వాన కొండల అవతల మదనపల్లి పక్కకి పోయేసరికి తగ్గిపోతుంది.

ఇడ్లీలు తింటా నాయనకి చూపించినా ఆ ప్లాన్. నాయన ఫోన్‌లో అక్షరాలు చదవలేడు, గోడ మీద క్యాలెండర్ దింపి కళ్ళద్దాలు పెట్టుకుని నవంబరు పేజీ తిప్పినాడు, అందులో తేదీ కింద మూల చిన్న అక్షరాల్లో కార్తె వేసి ఉంటుంది కదా, అది వేలితో పట్టుకుని "విశాఖ కార్తెలో నెల్లూరు రోడ్డు మీద కారేసుకుని పోతారంటనా" అన్నాడు. పోనీ ముందుకి జరుపుకుని అక్టోబరులో, చిత్త కార్తెలో రమ్మందామా అంటే "చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుంది మ్మా, అది యాడ పడుతుందో దానికే తెలీదు" అన్నాడు. చెనిక్కాయ పీకి చేలో ఆరబోసి, పైన మబ్బు చూస్తా రాత్రిళ్ళు కాపలా కాసిన మనిషి, ఆ మాట ఊరికే అనడు.

నాకైతే 2021 కళ్ళ ముందు తిరిగింది. నవంబరు 18. పొద్దున నించి ఆగలేదు, మధ్యాహ్నానికి మా వీధిలో స్కూటర్ల సీట్లు మాత్రమే పైకి కనిపిస్తా ఉన్నాయి. ఏటా వానాకాలంలో పిల్లల్ని తీసుకుపోయి చూపించే కపిలతీర్థం జలపాతం ఆ రోజు ఎర్రగా, మట్టితో, రాళ్ళతో దూకతా ఉంది. అలిపిరి మెట్ల మీద నీళ్ళు ఒక్కో మెట్టు దిగతా వచ్చే వీడియో అందరి ఫోన్లలో తిరిగింది, నడకదారులు రెండూ, ఘాట్ రోడ్లు మూసేసినారు, శ్రీవారి మెట్టు దారి అయితే దెబ్బతిని నెలల తరబడి తెరవనేలేదు. మరుసటి రోజు చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట పక్క ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోయినాయి, ఎంతమంది పోయినారో తల్చుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు. నందలూరు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. అది ముంబై నించి మద్రాసు పోయే లైను, పూణే నించి రేణిగుంటకి వచ్చేది ఆ పట్టాల మీదే. రాయల చెరువు కట్ట ఎప్పుడు తెగుతుందో అని కింద ఊళ్ళు ఖాళీ చేయించినారు. ప్రతి నవంబరు అట్లే ఉంటుందని కాదు, చాలా ఏళ్ళు రెండ్రోజులు ముసురు పట్టి పోతుంది. కానీ చిన్నపిల్లల్ని పెట్టుకుని, ఇన్ని ఊళ్ళకి రూములు బుక్ చేసుకుని, ఒకరోజు కూడా అటు ఇటు జరగడానికి వీల్లేని ప్లాన్‌తో రావాల్సిన చోటు మాది కాదు ఆ నెలలో.

మధ్యాహ్నం సంగటి కెలికి పెట్టి, అందరూ పడుకున్నాక పాత స్కూలు అట్లాసు తీసి కూర్చున్నా. నాకు ఇదంటే చిన్నప్పటి నించీ పిచ్చి ఇష్టం, మ్యాపు మీద వేలు పెట్టి ఊర్లు తిరగడం. చూస్తా ఉంటే బావ ప్లాన్‌ని తిరగేస్తే సరిపోతుందనిపించింది. తుఫాను భయం మొత్తం కోస్తాకీ ఉందనుకో, 2014లో హుద్‌హుద్ వైజాగ్ మీద పడింది అక్టోబరు 12న, 2025లో మొంథా నరసాపురం పక్కన తీరం దాటింది అక్టోబరు 28న, 2023లో మిచాంగ్ బాపట్ల దగ్గరికి వచ్చింది డిసెంబరు 5న. కానీ నవంబరు వచ్చేసరికి ఉత్తరాంధ్రకి మామూలు వానలు దాదాపు అయిపోతాయి, అల్పపీడనాలు ఎక్కువగా మా పక్కకీ తమిళనాడు పక్కకీ జారతాయి. పైగా అరకులో ఆ రోజుల్లో వలిసె పూలు, కొండ వాలంతా పసుప్పచ్చగా ఉంటుంది, అది ఏడాదిలో ఇంకెప్పుడూ దొరకదు. లంబసింగిలో చలి మొదలై ఉంటుంది. వంజంగి కొండెక్కి తెల్లారకముందే నిలబడితే మబ్బులు కాళ్ళ కింద కనిపిస్తాయి, అక్క కూతురికి అది చూపించాలి, దానికి బొమ్మలేసే చెయ్యి ఉంది. పాపికొండలకి కూడా వరద తగ్గి గోదావరి నిమ్మళంగా ఉంటేనే బోట్లు వదుల్తారు, ఆగస్టులో పోతే చూసేది వరదే. పూణే నించి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్, విజయవాడ మీదగా నేరుగా వైజాగ్‌లోనే దిగొచ్చు. అక్కడ మొదలుపెట్టి అరకు, లంబసింగి, రాజమండ్రి, అయ్యాక తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇక్కడికి. ఇక్కడికొచ్చాక వాన పడితే పడనీ, ఇంట్లో కూర్చొని బజ్జీలేసుకుని తింటారు, నాయన దగ్గర కబుర్లు వింటారు.

గండికోట, బెలుం క్రిస్మస్ సెలవులకి. ఎండాకాలం గండికోట రాయి మీద చెప్పుల్తో కూడా నిలబడలేం, డిసెంబరులో అయితే పొద్దస్తమానం పెన్నా లోయ అంచున కూర్చోవచ్చు. బెలుం గుహ 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని పోనిస్తారు, లోపల ఉక్క కాబట్టి బయట చల్లగా ఉన్నప్పుడు పోతే ప్రాణానికి హాయి. నేలపట్టు పక్షుల కేంద్రం కూడా అప్పుడే, ఈశాన్య వానకి చెరువు నిండి, నీళ్ళలో నిలబడిన కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికాన్ పక్షులు) గూళ్ళు కట్టి పిల్లల్ని మేపతా ఉంటాయి. మేమంతా భయపడే ఆ వాన లేకపోతే ఆ పక్షులు రావు.

ఇంగ శ్రీశైలం. దీని దగ్గరే చాలాసేపు ఆగిపోయినా. బావ నవంబరులో పెట్టినాడు, గేట్లు ఎత్తినప్పటి ఫోటో కూడా అతికించినాడు. ఆ గేట్లు మామూలుగా జూలై చివర్నించి సెప్టెంబరు దాకా ఎత్తేవి. అది నంద్యాల, కర్నూలులో పడిన వాన కాదు కదా, అంత పైన మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన కృష్ణ మోసుకొచ్చేది. పూణే ఊరి మధ్యలో పారే ముళా, ముఠా కలిసి భీమలో పడతాయి, భీమ పండరిపురం మీదగా వచ్చి రాయచూరు దగ్గర కృష్ణలో కలుస్తుంది, జూరాల డ్యాము దాటి శ్రీశైలం చేరుతుంది. అక్కడితో అయిపోలేదు, పోతిరెడ్డిపాడు దగ్గర తెలుగుగంగ కాలువలోకి మళ్ళి వెలుగోడు, సోమశిల, కండలేరు రిజర్వాయర్లకి. కండలేరు నించి మా తిరుపతికి తాగే నీళ్ళు.

సాయంత్రం అక్క ఫోన్ చేసి, మూడ్రోజుల నించి ఒకటే వాన, పిల్లల యూనిఫారాలు ఆరక ఇస్త్రీపెట్టెతో ఆరబెడతా ఉన్నా అని విసుక్కుంటా ఉంటే, నేను ఇదే చెప్పినా. ఫోన్ స్పీకర్‌లో పెట్టమని చిన్నోడిని పిలిచి ఒక్కో ఊరి పేరు చెప్తా పోయినా, వాడు అక్కడ మ్యాపులో వెతుక్కుంటా వచ్చినాడు, పండరిపురం దొరికింది, జూరాల దొరకలేదు, మళ్ళీ దొరికింది. కండలేరు దాకా వచ్చి "చిన్నమ్మా, అయితే మా బాల్కనీ మీద పడిన నీళ్ళు నువ్వు తాగతావా" అన్నాడు. అవును నాయనా, అందులో కొంచెం నాకూ వస్తుంది అన్నా. అక్క కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే పడనీలే" అనింది.

బావ లైన్లోకొచ్చి అంతా విన్నాడు. మూడు ముక్కలు చేస్తే లీవులు యాడ దొరుకుతాయమ్మా అన్నాడు, అదీ నిజమే, ఆయన ఆఫీసు సంగతి నాకు తెలుసు. నేను మాత్రం గట్టిగానే చెప్పినా, ఒక్క ట్రిప్పులో అన్నీ చూడాలంటే సగం ఊళ్ళు కారు అద్దంలోంచి వానలోనే చూస్తారు, పిల్లోళ్ళకి గుర్తుండేది టోల్‌గేట్లు, హోటల్ రూములు. వైజాగ్ నించి మొదలుపెట్టడానికి ఒప్పుకున్నాడు. క్రిస్మస్ సంగతి ఆఫీసులో అడిగి చెప్తాడంట. శ్రీశైలం వచ్చే ఏడు ఆగస్టు 15 దగ్గర శని, ఆదివారాలు కలిసొస్తే చూద్దామన్నాడు, అప్పటికి డ్యాము నిండాలని ఇప్పట్నించే మొక్కుకుంటా.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, అంతకు ముందు 120 రోజులుండేది, కాబట్టి సెప్టెంబరు మొదటి వారంలో పొద్దున ఎనిమిదింటికల్లా బావ లాగిన్ అయి కూర్చోవాలి, దీపావళి రద్దీకి సీట్లు నిమిషాల్లో అయిపోతాయి. రాజమండ్రి నించి ఇక్కడికి నేను చేస్తానన్నా. అక్కకి స్వెట్టర్లు మర్చిపోవద్దని మెసేజ్ పెట్టినా, లంబసింగి చలిని వైజాగ్ ఉక్క చూసి లెక్కేసుకుంటే పిల్లలు వణికిపోతారు. గండికోటలో టూరిజం వాళ్ళ హరిత హోటల్లో డిసెంబరు రూములు ఎప్పట్నించి ఇస్తారో రేపు ఫోన్ చేసి అడగాలి.