ఎంటెక్ వాళ్లకు టీసీపీ ల్యాబ్: తిరుపతిలో నా అనుభవం

తిరుపతిలో ఎంటెక్ పిల్లలకు నెట్‌వర్కింగ్ చెప్పేటప్పుడు టీసీపీని (డేటా తప్పిపోకుండా చేరేలా చూసే నెట్‌వర్క్ ప్రోటోకాల్) నేను బోర్డు మీద కన్నా ల్యాబ్‌లోనే ఎక్కువ చెబుతాను. మనిషికో లైనక్స్ మెషిన్ చాలు. అందులోనే క్లయింట్, రౌటర్, సర్వర్ అని మూడు నేమ్‌స్పేస్‌లు (ఒకే మెషిన్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు) పెట్టి వీఈత్ జతలతో (వర్చువల్ కేబుళ్లు) కలుపుతారు. పింగ్ (అవతలి మెషిన్ అందుతోందో లేదో చూసే కమాండ్) పోలేదంటే రౌటర్‌లో ఐపీ ఫార్వార్డింగ్ (ప్యాకెట్లను ఇటునుంచి అటు పంపడం), రెండు చివర్లలో డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియనప్పుడు పంపే దారి), ఈ రెండే ముందు చూడాలి.

ఆ వెంటనే ఈత్‌టూల్ కమాండ్‌తో టీఎస్ఓ, జీఎస్ఓ, జీఆర్ఓ (చాలా ప్యాకెట్లను ఒకే పెద్ద ముద్దగా నడిపే సదుపాయాలు) ఆపించాలి. వదిలేస్తే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 బైట్లు ఉన్న లింకు మీద, ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ పదుల వేల బైట్ల ప్యాకెట్లు చూపిస్తుంది, చెప్పిన పాఠమంతా పిల్లలకు తప్పుగా తోస్తుంది. ఆపాక ఇంకో మంచి సందేహం వస్తుంది. సిన్‌లో (కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్) ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ డేటా) 1460 ఉంటే డేటా 1448 బైట్లే పోతోందేం సార్, అని. హెడర్‌లో సమయం రాసే టైమ్‌స్టాంప్ ఆప్షన్‌కు 12 బైట్లు పోతాయి. హెడర్ విప్పి వాళ్లే కనుక్కునేదాకా నేను చెప్పను.

తర్వాత నెటెమ్, అంటే లింకు మీద కావాలని ఆలస్యం, రేటు పరిమితి పెట్టే లైనక్స్ సాధనం. రౌటర్ రెండు ఇంటర్‌ఫేస్‌ల మీదా 50 మిల్లీసెకన్ల ఆలస్యం, సెకనుకు 10 మెగాబిట్ల రేటు. చాలామంది ఒకవైపే పెట్టి ఆర్‌టీటీ (ప్యాకెట్ పోయి జవాబు తిరిగొచ్చే సమయం) 100 రాలేదంటారు. నెటెమ్ బయటికి పోయే ప్యాకెట్లనే ఆపుతుంది. తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు కదా, ఒకదాని మీద బండ్లు నిలిస్తే రెండోదానికేం? ఈ మాటతో ఇక్కడి పిల్లలకు చటుక్కున అర్థమవుతుంది. దారిలోని రౌటర్లను చూపే ట్రేస్‌రూట్ కమాండ్, పోయే దారినే చూపిస్తుందనడానికీ ఇదే పోలిక.

ఇక అసలు లెక్క. 10 మెగాబిట్లు, 100 మిల్లీసెకన్లు: లింకు నిండాలంటే 1,25,000 బైట్లు దారిలో ఉండాలి. విండోను (జవాబు రాకముందే పంపగల డేటా) పెద్దది చేసే విండో స్కేలింగ్ ఆపితే, విండో 65,535 బైట్లు దాటదు, అంటే వేగం 5.2 మెగాబిట్ల దగ్గరే ఆగాలి. ముందు నోట్‌బుక్‌లో ఈ లెక్క వేయించి, తర్వాతే వేగం కొలిచే ఐపర్ఫ్3 నడిపిస్తాను. స్కేలింగ్ సిన్‌లోనే తేలిపోతుంది కాబట్టి, కనెక్షన్ మొదలయ్యాక ఆపితే ఏమీ మారదు.

స్కేలింగ్ మళ్లీ పెట్టి, ఐపర్ఫ్3 పక్కన పింగ్ నడుపుతూ చూస్తే ఆర్‌టీటీ సెకను దాటగలదు. నెటెమ్ క్యూ మామూలుగా 1000 ప్యాకెట్లు. ఈ రేటుకు అది ఖాళీ కావడానికే 1.2 సెకన్లు పడుతుంది. ఆ క్యూ లిమిట్ 100కు దించితే ప్యాకెట్లు పడిపోవడం, సీవిండ్ (ఒకేసారి ఎంత పంపాలో పంపేవైపు టీసీపీ పెట్టుకునే పరిమితి) తగ్గి మళ్లీ పెరగడం ఎస్ఎస్ కమాండ్‌లో కనిపిస్తాయి. మరీ 20కి దించితే మాత్రం లింకు సగమైనా నిండదు. లింకు నిండాలంటే 50 మిల్లీసెకన్ల ఆలస్యంలో ఆగి ఉండాల్సిన 42 ప్యాకెట్లూ ఆ లిమిట్‌లోకే వస్తాయి మరి.