సాకెట్‌లో పట్టింది, తెర వెలగలేదు

పదో తరగతి పరీక్షలయ్యాక కొనిస్తానని మా అబ్బాయికి ఇచ్చిన మాట దసరా సెలవుల దాకా సాగింది. ఆటలాడుకోవడానికి మంచి కంప్యూటర్ కావాలన్నాడు. తయారుగా ఉన్నది కొంటే అదే డబ్బుకు తక్కువ సరుకు వస్తుందని, విడిభాగాలు తెచ్చి మనమే బిగించుకుందామని వాడే అన్నాడు. అది 2023. నేను హనుమకొండలో లెక్కల ఉపాధ్యాయుడిని. మానిటర్ కాకుండా 65 వేలు దాటకూడదని ముందే చెప్పాను.

ప్రాసెసర్ విషయంలో మాకు పేచీ రాలేదు. ఏఎండీ రైజెన్ 5 5600. ఆరు కోర్లు, 65 వాట్లు, కూలర్ దాని పెట్టెలోనే వస్తుంది. ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఏఎం5 సాకెట్ కొత్త తరం అప్పటికే బజారులో ఉంది కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ తప్ప పనికిరాదు, బోర్డులూ ఖరీదే. 5600కి పాత ఏఎం4 సాకెట్, డీడీఆర్4 ర్యామ్ చాలు. సరిగ్గా ఇక్కడే నా పొదుపు బుద్ధి మేలుకుంది. మా బడిలో తోటి ఉపాధ్యాయుడు ఒకరు తన పాత బీ450 మదర్‌బోర్డు అమ్మేస్తానన్నారు. భాగాలన్నీ బిగించేది ఈ బోర్డు మీదే. దానిదీ ఏఎం4 సాకెట్టే. తయారీదారు సైటులో ఆ బోర్డు ఏయే ప్రాసెసర్లతో నడుస్తుందో పట్టిక ఉంటే తెరిచి చూశాను. 5600 పేరు కనిపించింది. డబ్బిచ్చి తెచ్చుకున్నాను. ప్రశ్న పూర్తిగా చదవకుండా లెక్క మొదలుపెట్టే పిల్లలను రోజూ తిట్టేవాడిని, ఆ పట్టికలో చివరి గడి మాత్రం చదవలేదు.

మిగతావి కొనడానికి కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే చాలు, ఆటోవాళ్లు తీసుకెళ్లి దింపుతారు. గ్రాఫిక్స్ కార్డుగా ఆర్‌టీఎక్స్ 4060 అనుకున్నాం. మా వాడు మూడు ఫ్యాన్లున్న కార్డు మీద మనసు పారేసుకున్నాడు. పొడవు 302 మిల్లీమీటర్లు. వాడికి నచ్చిన క్యాబినెట్ పెట్టె మీద 310 దాకా పడుతుందని రాసి ఉంది. ఎనిమిది మిల్లీమీటర్లు మిగులుతుంది కదా అని వాడి వాదన. నేను క్యాబినెట్ తెరిపించి చూశాను. ముందు భాగంలో లోపలివైపు ఫ్యాన్లు బిగించి ఉన్నాయి. ఫ్యాను మందం 25 మిల్లీమీటర్లు. 310లోంచి 25 తీసేస్తే 285. తీసివేత రాని వాడేమీ కాదు, అయినా ముఖం మాడ్చుకున్నాడు. రెండు ఫ్యాన్ల కార్డు తీసుకున్నాం. లోపలున్న చిప్పు రెండింటిలోనూ ఒకటేనని ఎంత చెప్పినా రైలు ఆలేరు దాటేదాకా మాట్లాడలేదు.

ఇంట్లో పాత కంప్యూటర్‌లోని ఎస్‌ఎంపీఎస్ అనే కరెంటిచ్చే పెట్టెను వాడదామని నాకు ఆశ ఉండేది. దానికి గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే ఎనిమిది పిన్నుల తీగే లేదు. ఈ కార్డుకు 550 వాట్లు చాలని ఎన్విడియా చెబుతుంది. ముందుముందు మారిస్తే ఇబ్బంది ఉండకూడదని 650 వాట్లది కొన్నాం.

మర్నాడు ఉదయం డైనింగ్ టేబులు ఖాళీ చేయించి మొదలుపెట్టాం. బిగించడం అనుకున్నంత కష్టం కాదు. ప్రాసెసర్ మూలన బంగారు రంగు త్రికోణం గుర్తు ఉంటుంది, సాకెట్ మీది గుర్తుకు దాన్ని సరిచూసి వదిలితే దానంతటదే కూర్చుంటుంది. నొక్కే పనే లేదు. ర్యామ్ రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కబెట్టి రెండో గాడిలో, నాలుగో గాడిలో పెట్టాం. అన్నీ అయ్యాక చూస్తే ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన తీగకు ఏసీకి ఉండేలాంటి లావు ప్లగ్గు, 16 యాంపులది. మా టేబులు దగ్గర ఉన్నది 6 యాంపుల సాకెట్. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొత్త పాయింటు పెట్టించాలేమో అనుకున్నాను. 230 వోల్టులను 6తో గుణిస్తే 1380 వాట్లు, మా పెట్టె అందులో సగం కూడా లాగదు. ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేస్తే ఆయనా అదే లెక్క చెప్పి నవ్వాడు. పాత కంప్యూటర్ తీగనే దీనికి తగిలించాం.

స్విచ్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద ఏమీ రాలేదు. 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి మానిటర్ తీగ బోర్డుకు కాక కార్డుకే పెట్టాలి. అలాగే పెట్టాం. ర్యామ్ తీసి పెట్టాం, ఒక్కటే ఉంచి చూశాం. రాత్రి పదకొండింటికి మళ్లీ ఆ పట్టిక తెరిస్తే, 5600 పేరు ఉన్న వరుసలో చివరి గడి కనిపించింది. బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మేల్కొలిపే ప్రోగ్రామును బయాస్ అంటారు. ఈ ప్రాసెసర్ ఏ బయాస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో అందులో రాసి ఉంది. బీ450 బోర్డులు 2018లో వచ్చాయి, 5600 వచ్చింది 2022లో. నా దగ్గరున్న బోర్డులో బయాస్‌ను కొన్న నాటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. ప్రాసెసర్ సాకెట్‌లో చక్కగా కూర్చుంది గానీ, వచ్చి కూర్చున్నది ఎవరో బోర్డుకు తెలియదు. కొన్ని బోర్డులకు ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ మార్చే బటన్ ఉంటుంది. మాదానికి లేదు. ఆ ఉపాధ్యాయుడి ఇంట్లో పాత ప్రాసెసర్‌తో నడుస్తున్న రోజే అడిగి ఉంటే పది నిమిషాల పని.

అక్కడితో ఆగితే బాగుండేది. తెల్లవారాక, ప్రాసెసర్ సరిగ్గా కూర్చోలేదేమో ఒకసారి చూద్దామనిపించింది. కూలర్ మరలు నాలుగూ విప్పి పైకి లాగాను. రాలేదు. కొంచెం గట్టిగా లాగాను. టప్‌మని వచ్చింది, అడుగున ప్రాసెసర్ అతుక్కుని మరీ. ప్రాసెసర్‌ను బిగించి పట్టే సాకెట్ లీవరు వేసే ఉంది. వేడి దాటడానికి ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్టు చల్లారితే అంత పట్టు పడుతుందని నాకేం తెలుసు? కాసేపు నడిపి వేడెక్కాక, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలట. ప్రాసెసర్ అడుగున 1331 పిన్నులుంటాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఒక అంచున రెండు వంగి ఉన్నాయి. మా వాడు ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే నయం.

బోర్డూ ప్రాసెసరూ పట్టుకుని మళ్లీ రైలెక్కాను, ఈసారి ఒక్కడినే. సీటీసీలో, కిందటిసారి సరుకు కొన్న దుకాణానికే వెళ్లాను. కౌంటరు వెనక ఉన్నాయన ప్రాసెసర్‌ను దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నా చొక్కా జేబు వైపు చూసి, "సార్, ఆ పెన్సిల్ ఒకసారి ఇవ్వండి" అన్నాడు. క్లిక్ చేసే పెన్సిలు, 0.7 సీసం వేసేది. సీసం తీసి కౌంటరు మీద పెట్టాడు. పెన్సిలు లోహపు మొనను వంగిన పిన్నుకు తొడిగి, ఊపిరి బిగబట్టి, వెంట్రుక వాసి జరిపాడు. మళ్లీ కంటి ఎత్తుకు పట్టుకుని వరుస చూశాడు. మళ్లీ జరిపాడు. రెండో పిన్నుకు ఇంకా ఎక్కువ సేపు పట్టింది. ఒకేసారి నిలబెడితే విరిగిపోతుందట. చివరికి సాకెట్ మీద పెడితే బరువు వేయకుండానే లోపలికి దిగింది. అప్పుడు దాన్ని తీసి పక్కన పెట్టి, అలమరలోంచి తన పాత రైజెన్ తీసి బోర్డుకు పెట్టి, పెన్‌డ్రైవ్‌తో బయాస్ మార్చాడు. మళ్లీ నాది పెట్టగానే తెర మీద 5600 పేరు వచ్చింది. కొత్త పేస్టు ట్యూబుతో కలిపి 500 తీసుకున్నాడు. పెన్సిలు తిరిగి ఇస్తూ సీసం కూడా వేసిచ్చాడు.

ఆ రాత్రే ఆట మొదలైంది. వారం తర్వాత, నేను భోజనానికి కూర్చున్నప్పుడు, ర్యామ్ 3200 బదులు 2133 వేగంతోనే నడుస్తోందని మా వాడు కనిపెట్టాడు. పెట్టె మీద రాసిన వేగం దానంతటది రాదు, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే అమరిక ఆన్ చేయాలి. నన్ను అడగకుండానే చేశాడు. కంప్యూటర్ ఆగింది. ఫ్యాన్లు తిరిగాయి, ఆగాయి, మళ్లీ తిరిగాయి. తెర నల్లగా ఉంది.

"నాన్నా!" అని పిలిచాడు. ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లి వాడి వెనక నిలబడ్డాను. ముట్టుకోవద్దన్నాను. ఇద్దరం కదలకుండా చూస్తున్నాం. అర నిమిషానికి తెర వెలిగింది, 3200 అని చూపించింది. నేను వెళ్లి చల్లారిన పప్పన్నం తిన్నాను.