అర పికోఫారడ్ దూరం

పాత వైర్‌లెస్ సెట్టు వెనక స్టిక్కర్ మీద 146-174 అని అచ్చేసి ఉంది. నాకు కావలసింది 145. ఒక్క మెగాహెర్ట్జే కదా, గంటలో అయిపోతుంది అనుకున్నాను. మూడు ఆదివారాలు పట్టింది.

హామ్ రేడియో సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్లం మాట్లాడుకోవడానికి కొన్ని బ్యాండ్లు ఉన్నాయి. ఊళ్లో ఎక్కువగా వాడేది టూ మీటర్ బ్యాండు, మన దేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా. అమెరికాలో అయితే 148 దాకా ఉంది. నెట్‌లో వాళ్ల రాతలు చదివి ఇక్కడ 147లో పిలవబోయిన కుర్రాణ్ణి ఒకసారి చెయ్యి పట్టుకుని ఆపాను. ట్యాక్సీలకీ ఫ్యాక్టరీలకీ తయారైన బండి సెట్లలో చాలా వాటికి హద్దు 146 దగ్గరే మొదలు. పాతబడి మూల పడితే మేం తెచ్చుకుని కిందికి దించుకుంటాం. మూడు కిలోల అల్యూమినియం దిమ్మ. కింద పడినా ఏం కాదు.

ఈ సెట్టు మా బావ కోసం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో వాళ్ల ఫోన్లన్నీ మూగబోయాయి. బతికున్నారని తెలియడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత పట్టుదలగా చదివి లైసెన్సు తెచ్చుకున్నాడు. కొత్త సెట్టు కొనే డబ్బులు పిల్ల ఫీజుకి పోయాయి. మా మాస్టారు (సైనిక్‌పురిలో ఉంటారు, రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్) తన బీరువా పైనుంచి ఈ పాతిక వాట్ల సెట్టు దించి నా చేతిలో పెట్టారు. "తీసుకెళ్లవయ్యా, దీని దుమ్ము దులపలేక చస్తున్నా" అన్నారు.

మొదటి ఆదివారం సాఫ్ట్‌వేర్‌తో సరి. డాస్‌లో నడిచే ప్రోగ్రాము, దాని కోసం సీరియల్ పోర్టు ఉన్న ముసలి ల్యాప్‌టాప్, మాక్స్ 232 చిప్పుతో నేనే అతికించుకున్న కేబులు. 145.500 కొడితే ప్రోగ్రాము ఒప్పుకోలేదు, బీప్ అని కసిరింది. దాని ఫైలు ఒకటి హెక్స్ ఎడిటర్‌లో (ఫైలు లోపలి అంకెల్ని నేరుగా మార్చే ప్రోగ్రాము) తెరిచి, 146 అన్న హద్దు ఎక్కడ దాక్కుందో వెతికి 144 చేశాను. ఈసారి మారుమాట లేకుండా తీసుకుంది. రిసీవర్లో మాస్టారి గొంతు కూడా వినిపించింది. గెలిచేశాననుకున్నాను.

మైకు నొక్కితే ఆగకుండా కుయ్‌మంటోంది. అంటే ట్రాన్స్‌మిట్ లాక్ అవడం లేదన్నమాట, అడిగిన పౌనఃపున్యం దగ్గర కుదురుగా నిలవడం లేదు.

ఇక్కడ చేసిన వెధవ పని చెప్పుకోవాలి. ఆ కూత వచ్చేది లాక్ అయిందో లేదో చెప్పే లాక్ డిటెక్ట్ లైను వల్లే కాబట్టి ఆ లైను తెంపేస్తే గొడవ వదులుతుందని ఎక్కడో చదివాను. తెంపాను. కూత ఆగిపోయింది, వాట్ మీటరు ముల్లు లేచింది, డిస్‌ప్లే మీద ఛానెల్ నంబరు ప్రశాంతంగా వెలుగుతోంది. నేను మాస్టార్ని పిలిచాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. ఈసారి సెల్‌ఫోను మోగింది.

"ఏమయ్యా, ఎక్కడ మాట్లాడుతున్నావు నువ్వు?"

"145.500 సార్."

"నా కంప్యూటర్ మీద నువ్వు 146.3 దగ్గర తాగినవాడిలా ఊగుతున్నావు. ముందు కట్టెయ్!"

కట్టేశాను. చెవులు వేడెక్కాయి. సంగతేమిటంటే, సెట్టు లోపల పౌనఃపున్యాన్ని పుట్టించే వీసీఓ అనే ఆసిలేటరు ఉంటుంది. దాన్ని ఎంత కిందికి పిలిచినా తన కాయిలూ కెపాసిటర్లూ రానిచ్చినంత మేరకే వస్తుంది. 145.5కి రమ్మంటే 146.3 దగ్గర బిగదీసుకుని నిలబడిపోయింది. మన బ్యాండు 146తో సరి, అవతల నాకు లైసెన్సు లేదు. ఆ కూత దాని రోగం కాదు, కాపలా. నేను కుక్క మూతి కట్టేసి దొంగతనానికి బయలుదేరాను.

ఆసిలేటరు పౌనఃపున్యం కెపాసిటెన్సు వర్గమూలానికి విలోమంగా నడుస్తుంది. 146.3 నుంచి 145కి దించాలంటే ఒక శాతం కన్నా కొంచెమే తక్కువ. అంటే కెపాసిటెన్సు పెరగాల్సింది రెండు శాతం లోపే. ఆసిలేటరు కాయిలుతో కలిసి పనిచేసే కెపాసిటెన్సు మొత్తం 20 పికోఫారడ్‌లు (దాని కొలత) అనుకుంటే నాకు కావలసింది అర పికోఫారడ్ కూడా కాదు. కోఠీలో ఏ కొట్టుకెళ్లి అడగను?

రెండో ఆదివారం మాస్టారి ఇంట్లో. ఆయన రెండు సన్నటి ఎనామిల్ తీగలు తీసుకుని, జడ అల్లినట్టు మెలిపెట్టి, వీసీఓ దగ్గర అతికించారు. అదే కెపాసిటరు! వీసీఓని పైకీ కిందికీ నడిపే కంట్రోలు వోల్టేజి మీద మీటరు పెట్టి, మెలిక కొసని చిన్న కటింగ్ ప్లేయర్‌తో ఇంత, ఇంకొంచెం ఇంత కత్తిరించుకుంటూ పోయారు. మొదట ముల్లు అడుగున అర వోల్టు దగ్గర పడి ఉంది, మెలిక పెట్టగానే రెండు వోల్టులకి లేచింది, కత్తిరించేకొద్దీ దిగుతూ వచ్చింది. 144 దగ్గరా, 146 దగ్గరా రెండు చోట్లా లాక్ నిలిచేలా చూసుకుని ఆగాం. తెంపిన లైను ఆయన ఎదుటే మళ్లీ అతికించాను. పైన 174 దాకా అందుతుందో లేదో మాకు అక్కర్లేదు.

సంబరంగా వీసీఓ మీద రేకు మూత పెట్టాను. కుయ్! మూత దగ్గరికి రాగానే లోపలి లెక్కంతా మారిపోయింది. మాస్టారు నవ్వలేదు, ఆయనకి ముందే తెలుసు. కొత్త మెలిక అల్లి, మూత పెట్టడం, చూడడం, తీయడం, కత్తిరించడం, పెట్టడం. సాయంత్రం అయిదింటికి అమ్మగారు పెసరట్లు పట్టుకొచ్చేసరికి పదకొండోసారి.

మూడో ఆదివారం రిసీవరు. అప్పటిదాకా వినబడిందంటే మాస్టారి సిగ్నల్ బలమైనది కాబట్టి. ముందున్న ఫిల్టర్లు ఇంకా పాత బ్యాండుకే ట్యూనై ఉన్నాయి, దూరపు రిపీటరు (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే స్టేషను) విషయంలో అవి చెవిటివే. కాయిల్ కోరుని (ట్యూనింగు మార్చడానికి లోపల తిప్పే ముక్క) ఇనప స్క్రూడ్రైవరుతో తిప్పబోతే మాస్టారు చేతి మీద ఒకటి వేశారు. ఇనుము దగ్గరికొస్తే ట్యూనింగే మారిపోతుంది, పైగా కోరు పగిలిందంటే దొరకదు. వెదురు పుల్లని బ్లేడుతో చెక్కి దాంతో తిప్పారు. పవరు మాత్రం పాతిక వాట్లు రాలేదు, 19 దగ్గర ఆగింది, హీట్‌సింకు మామూలు కన్నా ఎక్కువ కాగుతోంది. పదిలో పెట్టుకో అన్నారు. పెట్టాను.

ఈ మధ్య నన్ను చాలామంది అడిగేది దీనికి తిరగేసిన ప్రశ్న. "అన్నా, హామ్ సెట్‌లో ఒక డయోడు తీసేస్తే అన్ని ఛానెళ్లూ ఓపెన్ అవుతాయంట కదా?" కొన్ని సెట్లలో చాలావరకు అవుతాయి. 156.8లో మత్స్యకారుల పడవలు ఆపదలో పిలుచుకుంటాయి, 118 పైన విమానాలు మాట్లాడుకుంటాయి. అక్కడ నీకేం పని తమ్ముడూ అంటే మొహం మాడ్చుకుంటారు. నేను చెప్పను. 146.3 అనుభవం ఒకటి చాలు.

సెట్టుని పాత చీరలో చుట్టి బస్సు పార్సిల్లో విశాఖ పంపాను. వీసీఓ మూత మీద మార్కరుతో "బావా, ఇది తీయకు" అని రాశాను కూడా. వారానికి ఫోను వచ్చింది.

"బావా, బాగానే పనిచేస్తోంది. ఒక్క సందేహం. ఆ మూత కింద రెండు తీగలు ఊరికే మెలిపడి ఉన్నాయేమిటి? విడదీసి పెట్టాను."